తాగుతవా?

కనురెప్ప కిందికి గుంజి చూసి
పెద్ద దవాఖాన డాక్టరు అడిగిన మొదటి మాట అదే.
రెండో మాట గూడ అదే, జర గట్టిగ.
మూడోసారి నన్ను అడగలే,
మా సువర్ణను అడిగిండు.
ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని
లేదు సార్ అన్నది.
అట్ల అడ్డం పెట్టుకున్నందుకే ఆయన నమ్మలే.

హన్మకొండల మూడంతస్తుల నర్సింగ్‌హోం,
రెండో అంతస్తుల ఆపరేషన్ థియేటర్.
పద్దెనిమిదేండ్లు ఆ తలుపు లోపలనే నాకు పొద్దు గూకింది.
మత్తు డాక్టరమ్మ పక్కన నిలబడేది,
మిషన్ల మందు అయిపోతే పోసేది,
గరాటు దొరకకుంటే చేతి అందాజతోని.
హాలోథేన్. కాఫీరంగు సీసా.
ఒలికితే తుడిచే పని లేదు, తనంతట తనే ఎగిరిపోతది.
ఎటు పోతదని నేనెన్నడు అడగలే.

వాసన తియ్యగుంటది,
మాగిన పండు అల్మారల పెట్టి మరిచిపోయినట్టు.
పిల్లల ముక్కు మీద మాస్కు పెట్టుకుంట
"పండు వాసన చూడు బిడ్డా, పది దాంక లెక్కవెట్టు" అనేటోన్ని.
ఆరు దాటిన పిల్లగాడు లేడు.
వాడు విడిచిన గాలి ఆ రూములనే తిరిగేది.
బయటికి పోయే పైపు ఒకటుండె.
ఏసీ పెట్టిన యేడు కిటికి మూసి
దాన్ని చుట్ట చుట్టి బీరువ మీద పెట్టిండ్రు.
ఇప్పటికీ అక్కడనే ఉన్నది, దుమ్ము వట్టి.

మా నాయిన ఆజంజాహి మిల్లుల చేసిండు.
ఇంటికొస్తే కనుబొమ్మల మీద పత్తి.
నాకీ నౌకరి దొరికిన దినం
నా చొక్కా చేతులు అటిటు తిప్పి చూసి
"దుమ్ము లేని పని రా, సారంగం" అన్నడు.
ఎంత సంబురపడ్డడో.
కండ్లకు కనవడేదే ఆయనకు దుమ్ము.

మొదలు జ్వరం. ఒళ్లంత దద్దుర్లు.
తర్వాత ఉచ్చ పసుపు నీళ్లయింది.
పసిర్కలన్నది మా అత్త.
పరకాల అవతల ఏదో ఊరికి తోలుకపోయి
పసరు పోయించింది, జబ్బ మీద వాత పెట్టించింది.
పసరు పనిజేసిందో
ఇరవై దినాలు ఇంట్ల పండుడే పనిజేసిందో,
కండ్లు తెల్లవడ్డయి.
బతుకమ్మకు సువర్ణ గునుగుపూలకు రంగులద్దుతుంటే
పక్కన కూసోని కట్టలు గట్టిచ్చిన.

సోమవారం డ్యూటికి పోయిన.
బుధవారానికి మళ్ల జ్వరం.
శనివారం, చేతులు కడిగే కాడి అద్దంల,
మాస్కు మీద రెండు కండ్లు,
తంగేడు పూల లెక్క.

సిస్టర్ కరుణమ్మ నల్లా బందు చెయ్యకుండనే
మెల్లగ అన్నది:
"తాగుడైతే ఇంటికాడ గదా తాగుతరు.
నీకు ఇంటికాడ నయమైతంది, ఈడికొస్తే పాడైతంది."
కొంచెం ఆగి,
"నా తలనొప్పి గూడ ఆదివారం రాదు."

డాక్టరు ముందర కాగితం.
మందు తాగుతడా అని దాని మీద ఒక గడి ఉన్నది.
ఏం పని చేస్తడన్న గడి లేదు.

మన మాటల్ల
నీళ్లు తాగుతం, బీడీ తాగుతం,
చుట్టను గూడ తాగుడే అంటం.
మరి నేను తాగలేదని ఎట్ల చెప్పాలె?

నాలుగోసారి అడిగినప్పుడు
అవును సార్ అన్న.
సువర్ణ గిర్రున నా దిక్కు తిరిగింది.
పద్దెనిమిదేండ్ల సంది సార్.
పొద్దుగాల ఎనిమిదింటికే మొదలు,
నీళ్లు కలుపకుండ.
నెలకింత జీతమిచ్చి తాగించిండ్రు.

పెన్ను ఆగింది.
"ఏం బ్రాండు?" అన్నడు.

కాఫీరంగు సీసా సార్.
మూత తీస్తే
మాగిన పండు వాసన.